ఆర్థర్ రాజు కథలో ఏది ఎప్పుడు చేరింది? టింటాజెల్ నుంచి వించెస్టర్ దాకా కారులో

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూలుకెళ్లే పిల్లలున్న ఇంట్లోకి ఎప్పుడో ఒకప్పుడు బ్రిటన్ పాత కథల్లోని ఆర్థర్ రాజు వచ్చేస్తాడు. రాతిలోంచి కత్తి లాగడం, రౌండ్ టేబుల్, మాంత్రికుడు మెర్లిన్ మంత్రాలు, లాన్స్‌లాట్ అనే వీరుడు, హోలీ గ్రెయిల్ అనే పవిత్ర పాత్ర, అన్నీ కలిపి ఒకే కథగా చెబుతారు. దాని వెంటే పిల్లల ప్రశ్న కూడా వస్తుంది: "ఇదంతా నిజంగా జరిగిందా?"

అవునని చెప్పినా కాదని చెప్పినా ఇందులో అసలు పస పోతుందండీ. ఈ కథలో ఒక్కో ముక్కా ఒక్కో కాలంలో, ఒక్కో భాషలోంచి వచ్చి చేరింది. చాలా ముక్కలకి ఎవరు చేర్చారో, సుమారుగా ఏ సంవత్సరంలో చేర్చారో చెప్పగలం. అందుకని ఈ వీడియోలో నాలుగు చోట్లు తిరుగుతూ, ప్రతి చోటా ఒకటే అడుగుదాం: ఈ ముక్క ఎప్పుడు వచ్చింది? దారి పడమర నుంచి తూర్పుకి. కార్న్‌వాల్‌లో టింటాజెల్, అక్కణ్ణించి ఏ30, ఏ303 రోడ్ల మీదుగా కాడ్‌బరీ కాజిల్, పక్కనే గ్లాస్టన్‌బరీ, చివర్న వించెస్టర్. రెండు రాత్రులు బస పెట్టుకుంటే హడావిడి లేకుండా అయిపోతుంది.

మొదట టింటాజెల్. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ, దాని మీద శిథిలమైన కోట. పాత కట్టడాల్ని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చేతిలో ఉంది, టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. 2019లో కొత్త వంతెన వేశారు కాబట్టి పాతరోజుల్లోలా మెట్లన్నీ దిగి ఎక్కక్కర్లేదు. కానీ గాలి బాగా ఎక్కువైతే మూసేస్తారు, బయల్దేరేముందు వెబ్‌సైట్ చూసుకోవడం తప్పనిసరి. కింద ఇసుకలో మెర్లిన్ గుహ అంటారు చూడండి, అందులోకి వెళ్లాలంటే సముద్రం వెనక్కి తగ్గాలి. ఆటుపోట్ల సమయాలు చూడకుండా వెళ్తే గుహ ముందు నీళ్లు చూసి తిరిగి రావాల్సిందే.

ఇక్కడ ఆర్థర్ పుట్టాడని బోర్డుల నుంచి మగ్గుల దాకా అంతటా రాసి ఉంటుంది. దీనికి ఆధారం ఒకే ఒక్క పుస్తకం. జెఫ్రీ ఆఫ్ మన్‌మత్ అనే మతాధికారి లాటిన్‌లో 1136 ప్రాంతంలో రాసిన బ్రిటన్ రాజుల చరిత్ర. అందులో ఉథర్ రాజు మెర్లిన్ మాయతో గోర్లోయిస్ ప్రభువు రూపం దాల్చి, అతని భార్య ఇగెర్నా దగ్గరికి టింటాజెల్ కోటలోకి వెళ్తాడు. జాగ్రత్తగా చదివితే జెఫ్రీ చెప్పింది ఆర్థర్ ఇక్కడ తల్లి కడుపున పడ్డాడని మాత్రమే. ఇక్కడే పుట్టాడన్నది తర్వాతి వాళ్లు సాగదీసిన మాట.

ఇప్పుడు ఈ రాతిగోడలు చూడండి. వీటిని కట్టించింది మూడో హెన్రీ తమ్ముడు, కార్న్‌వాల్ ఎర్ల్ రిచర్డ్. ఆయన ఈ స్థలం తీసుకున్నది 1233లో. అంటే జెఫ్రీ పుస్తకం వచ్చిన దాదాపు వందేళ్ల తర్వాత. సైనికంగా పెద్దగా ఉపయోగంలేని చోట ఇంత ఖర్చుపెట్టి కోట ఎందుకు కట్టాడంటే, చరిత్రకారులు చూపించే కారణం ఈ కథే. కథ ముందు, కోట తర్వాత. ఇక్కడికొచ్చే వాళ్లలో చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

అలాగని ఈ కొండకి పాత చరిత్ర లేదనుకోవద్దు. 5, 6 శతాబ్దాల్లో ఇక్కడ ఎవరో గొప్ప పాలకులు ఉండేవాళ్లు. తూర్పు మధ్యధరా ప్రాంతం నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కుండపెంకులు ఇక్కడ గుట్టలుగా దొరికాయి. 1998 తవ్వకాల్లో ఒక పలకరాయి మీద 'ఆర్టొగ్నూ' అనే పేరు కనిపించింది. పత్రికలు వెంటనే ఆర్థర్ రాయి అనేశాయి. అది వేరే మనిషి పేరు. ఆర్థర్‌కి దానితో సంబంధం చూపించే ఆధారం ఏదీ లేదు. కొండ అంచున నిలబడి ఉన్న కంచు విగ్రహం, గుహ దగ్గర రాతిలో చెక్కిన మెర్లిన్ ముఖం రెండూ 2016లో పెట్టినవి. చారిత్రక స్థలంలో కథ పాత్రల్ని చెక్కడమేమిటని ఆ ముఖం మీద కార్న్‌వాల్ చరిత్రకారులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. ఇంకో వందేళ్లు పోతే అది పాతదే అనుకునే వాళ్లూ ఉంటారు.

మరి జెఫ్రీయే మొత్తం కల్పించాడా? అసలు తగాదా ఇక్కడే మొదలవుతుంది. బ్రిటిష్ భాషలో (ఇంగ్లిష్ కాదు, వేల్స్ భాషకి పూర్వరూపం) ఉన్న చాలా పాత పుస్తకం ఒకటి ఆక్స్‌ఫర్డ్ ఆర్చ్‌డీకన్ వాల్టర్ తనకిచ్చాడని, దాన్నే లాటిన్‌లోకి మార్చానని జెఫ్రీ చెప్పుకున్నాడు. ఆ పుస్తకం ఎవరికీ దొరకలేదు. 1190లలోనే విలియమ్ ఆఫ్ న్యూబర్గ్ అనే చరిత్రకారుడు జెఫ్రీవన్నీ కట్టుకథలని కోపంగా రాశాడు. అయినా జనం మాత్రం జెఫ్రీనే చదివారు. ఆ పుస్తకానికి 200కి పైగా రాతప్రతులు ఈ రోజుకీ మిగిలి ఉన్నాయంటే ఆ కాలంలో ఎంత పాకిపోయిందో ఊహించండి.

జెఫ్రీకి ముందే ఆర్థర్ కథలు తిరుగుతున్నాయనడానికి మంచి సాక్ష్యం ఈ కార్న్‌వాల్‌లోనే ఉంది. 1113లో ఫ్రాన్స్‌లోని లాన్ నుంచి చర్చి కోసం చందాలు వసూలు చేసుకుంటూ కొందరు మతగురువులు బాడ్మిన్ ఊరికి వచ్చారు. ఆర్థర్ ఇంకా బతికే ఉన్నాడని ఒక స్థానికుడు అనడం, వాళ్లు నవ్వడం, మాటా మాటా పెరిగి కొట్టుకునే దాకా పోవడం, అన్నీ తర్వాత హెర్మన్ అనే మతాధికారి రాసిపెట్టాడు. కొట్టుకునేంత నమ్మకం ఒక పుస్తకం చదివితే పుట్టదు కదండీ, అప్పటికే తరాలుగా వింటూ ఉండాలి. ఇటలీలో మోదేనా చర్చి ఉత్తరద్వారం మీద కూడా ఆర్థర్ పేరుతో శిల్పం ఉంది. కోటలో ఒక స్త్రీ, ఆమెని విడిపించడానికి గుర్రాల మీద వస్తున్న వీరులు. దాని కాలం 1120 నుంచి 1140 మధ్య అని చాలామంది అంటారు, ఇంకా తర్వాతిదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ శిల్పంలోని పేర్ల రూపం ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు బ్రెటన్ భాషకి దగ్గరగా ఉండటంతో ఇంకో వాదం తోడైంది: కథలు వేల్స్ నుంచి నేరుగా ఐరోపాకి వెళ్లాయా, లేక సముద్రం దాటి బ్రిటనీకి వెళ్లిన వాళ్ల నోటి మీదుగా వెళ్లాయా? నా మటుకు రెండో దారి బలంగా కనిపిస్తుంది. ఫ్రెంచ్ ఆస్థానాల్లో కథలు చెప్పి బతికే బ్రెటన్ కథకులు అప్పటికే ఉన్నారు.

వేల్స్ వాళ్ల సొంత ఆర్థర్ మాత్రం మనం స్కూలు పుస్తకంలో చూసే రాజులా ఉండడు. 1100 ప్రాంతానికి చెందిన కుల్హుచ్, ఓల్వెన్ కథలో అతను అడవిపందిని తరుముతాడు, మంత్రగత్తెతో తలపడతాడు. పక్కన కై, బెద్విర్ అనే అనుచరులు ఉంటారు. కై అయితే తొమ్మిది రాత్రులు ఊపిరి బిగపట్టగలడు. లాన్స్‌లాట్ లేడు, రౌండ్ టేబుల్ లేదు, గ్రెయిల్ లేదు.

టింటాజెల్ నుంచి కాడ్‌బరీకి కారులో రెండున్నర గంటలకి తక్కువ పట్టదు. ఏ303 మీద నుంచి సౌత్ కాడ్‌బరీ ఊళ్లోకి దిగాలి. కొండ మీదికి టికెట్ లేదు, గేటు లేదు, కాఫీ షాపు లేదు. ఊళ్లో చిన్న పార్కింగ్ ఉంది, చర్చి దాటాక కాజిల్ లేన్ అనే దారి ఎక్కాలి. వాన పడిన మర్నాడైతే ఈ దారి మొత్తం బురద, చెట్ల నీడన ఉండటం వల్ల త్వరగా ఆరదు. మామూలు స్నీకర్లు జారతాయి, బూట్లు వేసుకోండి. గొర్రెలు, ఆవులు మేస్తూ ఉంటాయి కాబట్టి కుక్కని తెస్తే తాడు వదలొద్దు.

కోట అనగానే బురుజులు వెతక్కండి. ఇది ఇనుప యుగం నాటి మట్టి కోట, ఒకదాని పైన ఒకటిగా కట్టలు, పైన సుమారు 18 ఎకరాల చదును. దీన్ని కామెలాట్, అంటే కథల్లో ఆర్థర్ కొలువున్న ఊరు, అన్న మొదటి మనిషి జాన్ లీలాండ్, 1542లో. ఎనిమిదో హెన్రీ కాలంలో దేశమంతా తిరిగి పాత విశేషాలు పోగుచేసినవాడు. ఇక్కడి జనం ఆర్థర్ తరచూ ఇక్కడికి వచ్చేవాడని చెప్పుకుంటారని రాశాడు.

కానీ కామెలాట్ అనే పేరే ఆలస్యంగా వచ్చింది. జెఫ్రీలో ఆర్థర్ కొలువు వేల్స్‌లోని కేర్లియన్‌లో. కామెలాట్ మొదటిసారి కనిపించేది క్రెతియాన్ ద త్రువా అనే ఫ్రెంచ్ కవి 1170ల చివర్లో రాసిన లాన్స్‌లాట్ కావ్యంలో. అదీ ఒకే ఒక్కసారి, ఎక్కడుందో చెప్పకుండా. లాన్స్‌లాట్‌కీ, రాణి గ్వినెవిర్‌కీ ప్రేమ కూడా ఆ కావ్యంలోనే మొదలు. జెఫ్రీలో రాణిని తన పక్కకి తిప్పుకున్నది మోర్‌డ్రెడ్, ఆర్థర్ మేనల్లుడు. ఆ మోర్‌డ్రెడ్ ఆర్థర్ సొంత కొడుకుగా మారింది 13వ శతాబ్దపు ఫ్రెంచ్ వచన కథల్లో. లాన్స్‌లాట్‌ని తీసేస్తే బ్రిటిష్ కథ ఏమీ చెదరదు. స్కూలు పుస్తకంలో మాత్రం సగం కథ అతనిదే.

1966 నుంచి 1970 దాకా లెస్లీ ఆల్కాక్ ఇక్కడ తవ్వించాడు. 5వ శతాబ్దం చివర్లో ఎవరో ఈ పాత కోటని మళ్లీ బాగుచేసి, కొయ్య, రాయి కలిపి కొత్త గోడ కట్టి, లోపల సుమారు 19 మీటర్ల పొడవున్న పెద్ద హాలు వేసుకున్నారని తేలింది. మొదట్లో ఆల్కాక్ ఆర్థర్ పేరుతో దీన్ని ముడిపెట్టాడు, తర్వాత ఆ ముడిని తనే విప్పేశాడు. కోట నిజం, పాలకుడు నిజం, పేరు తెలియదు. అంతవరకే మట్టి చెప్పగలదు.

ఇంకో పన్నెండు మైళ్లు పోతే గ్లాస్టన్‌బరీ. కారు లేనివాళ్లకి ఒక మాట, ఈ ఊరికి రైల్వే స్టేషన్ లేదు. దగ్గర్లోది కాజిల్ కారీ, అక్కణ్ణించి టాక్సీ మాట్లాడుకోవాలి. లేదా బ్రిస్టల్ దాకా రైల్లో వచ్చి బస్సెక్కండి. అబ్బే, అంటే పాత క్రైస్తవ మఠం, దాని శిథిలాలకి టికెట్ ఉంది. చాలీస్ వెల్ తోటకి టికెట్ వేరు. ఆ ఊటనీళ్లు ఎర్రగా ఉండటానికి కారణం నీళ్లలో ఉన్న ఇనుము.

అబ్బేలో ఆర్థర్ సమాధి అనే బోర్డు ఈ గడ్డిలో ఉంది చూడండి. ఇది రెండో సమాధి చోటు. మొదట ఎముకలు తవ్వి తీశామని చెప్పిన చోటు లేడీ చాపెల్‌కి దక్షిణాన, పాత శ్మశానంలో. వరసగా చెబుతాను. 1184 మే 25న అబ్బే కాలిపోయింది. మళ్లీ కట్టడానికి డబ్బు పెడుతున్న రెండో హెన్రీ 1189లో చనిపోయాడు. తర్వాత వచ్చిన రిచర్డ్ దృష్టంతా క్రూసేడ్ మీద. 1191 ప్రాంతంలో సన్యాసులు తవ్వితే లోతున, బోలుగా తొలిచిన ఓక్ దుంగలో ఎముకలు దొరికాయి, పైన సీసపు శిలువ ఉంది అన్నారు. యాత్రికులు రావాలి, కానుకలు పడాలి. అవసరం అంత స్పష్టంగా ఉన్నప్పుడు దొరికిన వస్తువుని అనుమానించడం తప్పేమీ కాదు.

శిలువ మీద ఏం రాసుందన్నదే ఇక్కడ ముఖ్యం. దాన్ని చూశానన్న జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాసిన పాఠంలో, అవలాన్ దీవిలో (గాయపడ్డ ఆర్థర్‌ని తీసుకెళ్లారని కథల్లో చెప్పే చోటు) ఆర్థర్ రాజు తన రెండో భార్య గ్వినెవిర్‌తో సహా ఇక్కడ ఉన్నాడని ఉంది. విలియమ్ కామ్‌డెన్ 1607లో అచ్చువేసిన బొమ్మలో గ్వినెవిర్ ఊసే లేదు, రాజు పేరు, అవలాన్ పేరు మాత్రమే ఉన్నాయి. ఆ శిలువ తర్వాత ఎటు పోయిందో జాడ లేదు కాబట్టి సరిచూసే వీల్లేదు. 1278లో మొదటి ఎడ్వర్డ్ స్వయంగా వచ్చి, ఆ ఎముకల్ని పట్టుబట్టల్లో చుట్టించి ప్రధాన వేదిక ముందుకి మార్పించాడు. అంతకు ముందు ఏడాదే ఆయన వేల్స్ మీద యుద్ధం చేశాడు. ఆర్థర్ తిరిగొచ్చి తమని కాపాడతాడని వేల్స్ జనం ఎదురుచూస్తున్నప్పుడు, అతను చచ్చిపోయాడని ఎముకలు చూపించడం రాజుకి ఎంత పనికొస్తుందో ఆలోచించండి. 1539లో మఠాన్ని మూసేశాక ఆ సమాధీ పోయింది. మొదటి చోట 20వ శతాబ్దంలో రాలీ రాడ్‌ఫర్డ్ తవ్వించి, సన్యాసులు తవ్విన గొయ్యి ఇదేనన్నాడు. రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు ఆ రికార్డులన్నీ మళ్లీ పరిశీలించి 2015లో తేల్చింది ఏమిటంటే, ఆ గోతిలో ఉన్నవి 11 నుంచి 15 శతాబ్దాల మధ్యవి, ఆర్థర్‌తో ముడిపెట్టే ఆధారం అక్కడ లేదు.

గ్రెయిల్ కూడా ఇక్కడికి మెల్లగానే చేరింది. క్రెతియాన్ పూర్తిచేయకుండా వదిలేసిన పెర్సెవాల్ కావ్యంలో అది ఒక అమ్మాయి చేతుల్లో వచ్చే వడ్డన పళ్లెం. దాన్ని క్రీస్తు చివరి విందులో వాడిన పాత్రగా చేసి, క్రీస్తుని సమాధి చేసిన జోసెఫ్ ఆఫ్ అరిమథియాకి ముడిపెట్టింది 1200 ప్రాంతంలో రోబేర్ ద బొరాన్ అనే ఫ్రెంచ్ కవి. రాతి మీది దాగలిలో (కమ్మరి ఇనుము సాగగొట్టే దిమ్మ) గుచ్చిన కత్తి కూడా ఆయన చేర్పే. జర్మనీలో వోల్‌ఫ్రామ్ రాసిన పార్జివాల్‌లో అయితే గ్రెయిల్ ఒక రాయి. పళ్లెం, పాత్ర, రాయి, ఇవన్నీ ఒకే నలభై యాభై ఏళ్ల లోపలే. ఏది అసలు అని అడిగితే మొదట రాతలో కనిపించింది పళ్లెం. అంతే చెప్పగలం.

ఇప్పుడు వించెస్టర్. లండన్ వాటర్లూ నుంచి నేరుగా రైలుంది, సుమారు గంట. స్టేషన్ నుంచి గ్రేట్ హాల్‌కి నడిచిపోవచ్చు. హాల్లో అప్పుడప్పుడు అధికారిక కార్యక్రమాలు పెట్టి సందర్శకుల్ని ఆపేస్తారు, ఆ రోజు తెరుస్తున్నారో లేదో చూసుకుని బయల్దేరండి.

గోడకి వేలాడుతున్న ఆ బల్లే రౌండ్ టేబుల్. ఓక్ కొయ్య, 121 ముక్కలు, అడ్డం 5.5 మీటర్లు, బరువు 1.2 టన్నులు. వెనక వైపు కాళ్లు బిగించిన రంధ్రాలు ఉన్నాయి, అంచు చుట్టూ పన్నెండు. అంటే అలంకారం కోసం చేసిన పలక కాదు, నిజంగా నేల మీద నిలిపిన బల్ల. 1976లో కిందికి దింపి, చెట్టు వలయాలు, రేడియోకార్బన్, వడ్రంగి పనితీరు అన్నీ చూస్తే 13వ శతాబ్దం రెండో సగం అని తేలింది. మొదటి ఎడ్వర్డ్ 1290లో వించెస్టర్‌లో జరిపిన పోటీల ఉత్సవం కోసం చేయించి ఉంటాడని ఎక్కువమంది అభిప్రాయం. గ్లాస్టన్‌బరీలో ఎముకలు మార్పించిన ఎడ్వర్డే. రంగులు ఎనిమిదో హెన్రీ వేయించినవి, మధ్యలో ట్యూడర్ గులాబీ. పైన కూర్చున్న ఆర్థర్ ముఖాన్ని ఎక్స్‌రే తీస్తే అడుగు పొరలో కనిపించిన ముఖం వయసులో ఉన్న హెన్రీకి దగ్గరగా ఉంది.

రాజుతో పాటు 24 మంది పేర్లున్నాయి. దగ్గరికి జూమ్ చేస్తాను. రాజుకి ఒక పక్క గాలహాడ్, ఇంకో పక్క మోర్‌డ్రెడ్. చివర్లో ఆర్థర్‌ని చంపబోయేవాడు పక్కనే కూర్చున్నాడు. ఈ 24 కూడా ఒక్క బల్ల లెక్కే. రౌండ్ టేబుల్‌ని మొదట రాసింది వాస్ అనే కవి, 1155లో, నార్మన్ ఫ్రెంచ్‌లో. తామే గొప్పని తగువులాడే ప్రభువుల్లో ఎవరికీ ఎక్కువ తక్కువ స్థానం లేకుండా చేయడానికి అన్నాడు. పల్నాటిలో బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొస్తే తప్పులేదు, కాకపోతే ఇక్కడ సమానత్వం ప్రభువుల మధ్యే. లాయమన్ అనే ఇంగ్లిష్ కవి దగ్గరికొచ్చేసరికి విందులో రక్తపాతం జరిగాక ఒక కార్న్‌వాల్ వడ్రంగి ఈ బల్ల చేస్తాడు, 1600 మంది పడతారు, పైగా ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోవచ్చు. రోబేర్ దగ్గర 50 మంది, మాలరీ దగ్గర 150 మంది.

ఆ మాలరీ సంగతితోనే ఈ ఊరికి ఇంకో పెద్ద ముడి ఉంది. ఇప్పుడు ఇంగ్లిష్‌లో అందరూ చదివే ఆర్థర్ కథకి మూలం సర్ థామస్ మాలరీ 1469-70లో పూర్తిచేసిన రచన. తనని తాను ఖైదీగా ఉన్న నైట్ అని చెప్పుకున్నాడు. ఆ పేరున్న వాళ్లు చాలామంది ఉండటంతో ఏ మాలరీ అన్నది ఇంకా చర్చే, వార్విక్‌షైర్‌లో న్యూబోల్డ్ రెవెల్ మాలరీ అన్నది ఎక్కువమంది మాట. విలియమ్ కాక్స్‌టన్ దాన్ని 1485 జులై 31న అచ్చువేసి ముగించాడు. ఆ అచ్చు ప్రతులు రెండే మిగిలాయి, పూర్తిది న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో, పేజీలు పోయినది మాంచెస్టర్ రైలాండ్స్ లైబ్రరీలో. 450 ఏళ్ల పాటు మాలరీ అంటే కాక్స్‌టన్ అచ్చే. 1934లో వించెస్టర్ కాలేజీ లైబ్రరీలో వాల్టర్ ఓక్‌షాట్‌కి ఒక రాతప్రతి కనిపించింది. పాత్రల పేర్లన్నీ ఎర్రసిరాతో ఉన్నాయి. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని పేజీల మీద అచ్చుసిరా మరకలు బయటపడ్డాయి, అంటే కాక్స్‌టన్ పనిచేసే చోటే అది కొన్నాళ్లు ఉంది. అయినా రెండింటి పాఠాలు వేరువేరు.

చిన్న తేడాలు కావు. ఆర్థర్ రోమ్ మీదికి వెళ్లే యుద్ధం కాక్స్‌టన్ అచ్చులో దాదాపు సగానికి తగ్గిపోయింది. ఆ ప్రయాణంలో ఓడలో ఆర్థర్‌కి వచ్చిన కలలో ఒక డ్రాగన్ ఇంకో జంతువుని చంపుతుంది. రాతప్రతిలో ఆ జంతువు ఎలుగుబంటి, జెఫ్రీ దగ్గర కూడా ఎలుగుబంటే. అచ్చులో అది అడవిపంది అయింది. అప్పుడు గద్దె మీదున్న మూడో రిచర్డ్ చిహ్నం తెల్ల అడవిపంది, అతని మీదికి వస్తున్న హెన్రీ ట్యూడర్ జెండా మీద ఎర్ర డ్రాగన్. పుస్తకం ముగిసిన మూడు వారాలకి, ఆగస్టు 22న, బాస్వర్త్ యుద్ధంలో హెన్రీ ట్యూడర్ సేనతో పోరాడుతూ రిచర్డ్ చచ్చిపోయాడు. కావాలనే మార్చారని కొందరు పండితులు వాదిస్తారు, అక్షరదోషమని ఇంకొందరు. కామెలాట్ విషయంలోనూ ఇద్దరూ కలవరు. మాలరీ కామెలాట్ అంటే వించెస్టరే అని రాస్తే, కాక్స్‌టన్ అదే పుస్తకానికి రాసిన ముందుమాటలో కామెలాట్ వేల్స్‌లో ఉందన్నాడు.

ఇవన్నీ తవ్వుకుంటూ వెనక్కి పోతే అడుగున మిగిలేది చాలా తక్కువ. 6వ శతాబ్దంలో గిల్డాస్ అనే సన్యాసి, బ్రిటన్లు సాక్సన్లని ఓడించిన బాడన్ కొండ ముట్టడి గురించి చెబుతాడు, ఆర్థర్ పేరు ఎత్తడు. 731లో చరిత్ర రాసిన బీడ్ అనే సన్యాసి కూడా ఎత్తడు. 829-30 నాటి బ్రిటన్ల చరిత్రలో, నెన్నియస్ రాశాడంటారు, ఆర్థర్ పన్నెండు యుద్ధాల సేనానిగా వస్తాడు, బాడన్‌లో ఒక్కడే 960 మందిని పడగొడతాడు. 10వ శతాబ్దపు వేల్స్ సంవత్సర పట్టికలో 537 దగ్గర ఒక చిన్న వాక్యం: కామ్లాన్ పోరు, అందులో ఆర్థర్, మెద్రౌత్ (తర్వాతి కథల్లో మోర్‌డ్రెడ్) పడిపోయారు. ఇద్దరూ ఒకే పక్షమో ఎదురెదురు పక్షాలో అక్కడ రాయలేదు. మేనల్లుడి ద్రోహం, కొడుకు పాపం, అంతా ఆ ఒక్క వాక్యం మీద పేరుకున్నదే.

పిల్లలకో మీకో మాలరీ కొనాలనుకుంటే విషయసూచిక తిప్పండి. 21 భాగాలు, 507 అధ్యాయాలు ఉంటే కాక్స్‌టన్ పాఠం, అలా విభజించింది ఆయనే. పెంగ్విన్ క్లాసిక్స్ వాళ్ల రెండు సంపుటాలది ఆ పాఠమే. వించెస్టర్ రాతప్రతి పాఠం కావాలంటే ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్‌లో ఉంది, కానీ అది కుదించినది. పూర్తి పాఠానికి నార్టన్ క్రిటికల్ ఎడిషన్ తీసుకోండి, పాత స్పెల్లింగ్ అలాగే ఉంచారు కాబట్టి మొదటి యాభై పేజీలు నెమ్మదిగా సాగుతాయి. చదివేటప్పుడు ఎక్స్‌కాలిబర్ దగ్గర ఆగి చూడండి. ఒక యుద్ధంలో ఆర్థర్ దూసిన కత్తి పేరు ఎక్స్‌కాలిబర్ అని వస్తుంది, తర్వాత కొన్ని పేజీలకి సరస్సు దేవత ఇచ్చే కత్తి పేరూ అదే. మాలరీ ముందు పరుచుకున్న ఫ్రెంచ్ కథలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఆయన రెండింటినీ ఉంచేశాడు.